ఆపేశామన్నా ఆగని పోరు: పల్నాడు పుల్లరి సత్యాగ్రహం, 1921–22

కృష్ణకు దక్షిణాన, నల్లమలకు ఉత్తరాన ఉన్న పల్నాడు 1921 నాటికి కాలువ నీరు ఎరగని నేల. అదే గుంటూరు జిల్లాలో తూర్పున తెనాలి, రేపల్లె వైపు బెజవాడ ఆనకట్ట నీరు 1850ల నుంచీ పారుతోంది. గురజాల, మాచర్ల, కారెంపూడి, దుర్గి వైపు మాత్రం నాపరాయి మీద పలచగా పరుచుకున్న మట్టి, వాన చూసుకుని వేసే జొన్న, సజ్జ, ప్రత్తి, ఆముదం. ఒక ఏడు పంట దక్కి ఇంకో ఏడు పోయే ఇలాంటి చోట రైతు ఆస్తి పొలంలో కంటే కొట్టంలో ఎక్కువ ఉండేది. అరకకు ఎడ్లు, పొలానికి ఎరువు, ఇంటికి పాడి, కష్టమొస్తే సంతకు తోలే దూడ, అన్నీ గొడ్ల వల్లే. వాటికి చొప్ప కొన్నాళ్లు ఆసరా. మిగతా కాలమంతా అడవే మేత.

ఆ అడవి 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో సర్కారు చేతికి పోయింది. రిజర్వు ఫారెస్టు అని హద్దురాళ్లు పాతాక, తాతల నాటి నుంచి మందలు తిరిగిన దారులు చట్టం దృష్టిలో దొంగదారులయ్యాయి. లోపల మేపాలంటే తలకింత అని పుల్లరి కట్టి చీటీ తీసుకోవాలి. చీటీ లేని గొడ్డు దొరికితే బందెలదొడ్డికి తోలేవారు. విడిపించుకోవాలంటే జరిమానాతో పాటు అక్కడ మేపిన ఖర్చు కూడా కట్టాలి, ఆ లోగా అరక ఆగిపోతుంది. కట్టెపుల్ల ఏరుకోవడానికీ, నాగలికి కర్ర కొట్టుకోవడానికీ గార్డు దయ కావాలి. పుల్లరి భారం దాని అంకెలో కంటే చుట్టూ అల్లుకున్న ఈ తతంగంలో ఎక్కువగా ఉండేది. రైతుల ఫిర్యాదులు పెరిగి మద్రాసు ప్రభుత్వమే 1912–13లో ఒక అటవీ కమిటీని వేసింది. ఊళ్లకు దగ్గరున్న అడవులను పంచాయతీలకు అప్పగించవచ్చని ఆ కమిటీ సలహా ఇచ్చింది. దాని అమలు మాత్రం నత్తనడక నడిచింది.

1921లో ఈ తాలూకాకు కాంగ్రెసు గాలి తగిలింది. అయితే ఆ ఏడు కాంగ్రెసు వేసుకున్న ప్రణాళికలో అడవి ఊసే లేదు. 1920 డిసెంబరు నాగపూరు సమావేశం ఖాయం చేసిన సహాయ నిరాకరణ ఒక వరుస ప్రకారం సాగాలి: ముందు బిరుదులు, శాసనసభలు, కోర్టులు, సర్కారు బడులు వదలడం, ఖద్దరు పట్టడం. పన్నుల నిరాకరణ ఆఖరి మెట్టు, అదీ నాయకత్వం సరేనన్నాకే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ కూడా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని లక్ష్యాలు పెట్టింది గానీ పన్నుల జోలికి పోలేదు. పల్నాటి రైతుకు వదులుకోవడానికి బిరుదు లేదు, బహిష్కరించడానికి శాసనసభ ఓటు లేదు. అతనికీ సర్కారుకూ మధ్య ఉన్న లావాదేవీ శిస్తు, పుల్లరి. అందుకే కాంగ్రెసు ఆఖరి మెట్టు అనుకున్నది అతనికి మొదటి మెట్టయింది. తరువాత వచ్చిన చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఇలాంటి చిక్కు అప్పటికే జిల్లాలో ఇంకో చోట మొదలైంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు జనం ఎదురు తిరిగారు. 1921 ఏప్రిల్లో చీరాల వచ్చిన గాంధీ వారి ముందు రెండు దారులు పెట్టాడు. పన్ను కట్టకుండా అహింసగా ఎదిరించడం ఒకటి, ఊరు విడిచిపోవడం రెండోది. కాంగ్రెసు పేరున డబ్బు సాయం ఉండదని, నిలబడే సత్తా వాళ్లదే కావాలని కూడా అన్నాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం రెండో దారి పట్టి ఊరి బయట రామనగరం అని గుడిసెలు వేసుకున్నారు. ఎండ, వాన, చలి అక్కడే గడిపారు. గోపాలకృష్ణయ్య ఆ ఏడే అరెస్టయి ఏడాది జైలుకు పోయాక రామనగరాన్ని నడిపేవారు లేక, చేతిలో డబ్బు ఆడక, పదకొండు నెలల తరువాత జనం ఇళ్లకు మళ్లారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. గట్టిగా మొదలైన పంతం నడిపించే మనిషి లేకపోతే ఎన్నాళ్లు నిలుస్తుందో రామనగరంలో తేలింది. పల్నాడుకు అలాంటి మనుషులు అంతకంటే ముందే దూరమయ్యారు.

పల్నాడులో చీటీలు లేకుండానే మందలను అడవికి తోలడం, తోలిన గొడ్లను అటవీ సిబ్బంది పట్టుకోవడం, పట్టుకున్నవాటిని జనం విడిపించుకోవడం 1921లో ఊరూరా మొదలయ్యాయి. మాచర్ల చుట్టుపక్కల అధికారులను సంఘ బహిష్కారం చేశారు. దిగిన ఉద్యోగికి బియ్యం, పాలు అమ్మేవాడు లేడు, చాకలి మంగలి రారు, బండి దొరకదు. అప్పటికి మాచర్లకు రైలు లేదు. బండ్ల మీద వచ్చి ముసాఫిరు బంగళాలో దిగే అధికారికి ఊరి సాయం లేకపోతే పూట గడవని రోజులు కాబట్టి ఈ ఆయుధం బాగా పనిచేసింది. కాంగ్రెసు దీన్ని రాయలేదు, నేర్పలేదు. తప్పు చేసినవాణ్ని ఊరు వెలివేసే పాత అలవాటునే సర్కారు ఉద్యోగుల మీదికి తిప్పారు. పాత అలవాటు కాబట్టే అందులో బెదిరింపు పాలూ ఉంది, అహింసను నియమంగా పెట్టుకున్నవారికి అది పంటి కింద రాయిగానే ఉండేది.

గుంటూరు జిల్లా కాంగ్రెసు ఉన్నవ లక్ష్మీనారాయణనూ, వేదాంతం నరసింహాచారినీ పల్నాడుకు పంపింది. జనం కష్టాలు విచారించడం, ఆవేశం అదుపులో ఉంచడం వారికప్పగించిన పని. 1921 జులైలో ప్రభుత్వం ఇద్దరినీ అరెస్టు చేసింది. ఉన్నవకు ఏడాది శిక్ష పడింది. రాయవెల్లూరు జైల్లో ఆయన ‘మాలపల్లి’ నవల రాశాడు. సాహిత్య చరిత్రకు ఆ అరెస్టు మేలే చేసింది. పల్నాడుకు మాత్రం అప్పుడే తగిలిన దెబ్బ పెద్దది. జిల్లా కాంగ్రెసు నిర్ణయాలను ఊళ్లకు మోసుకొచ్చి, ఊళ్ల మాట జిల్లాకు చెప్పగల ఇద్దరూ ఒకేసారి పోయారు. జనాన్ని శాంతింపజేయగలవారిని జైల్లో పెట్టడం ప్రభుత్వం చేసిన తప్పుల్లో ముందు చెప్పుకోవలసినది. ఆ తరువాత పోరు ఎవరి ఊళ్లో వాళ్లు నడుపుకున్నదే. ఒక్కో ఊరికి ఒక్కో పెద్ద ముందుకొచ్చాడు. దుర్గి వైపు కోలగుట్ల గ్రామానికి చెందిన రైతు కన్నెగంటి హనుమంతు అలా వచ్చినవాడే.

ఆ ఏడు నవంబరులో ఢిల్లీలో కూడిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ మొత్తానికి పన్నుల నిరాకరణకు తలుపు తెరిచింది, కానీ గడప ఎత్తుగా కట్టింది. చట్టధిక్కారం చేసే ప్రాంతంలో జనం చేత్తో వడికి నేసిన ఖద్దరే కట్టాలి, హిందూ ముస్లిం ఐకమత్యం ఉండాలి, అంటరానితనం పోవాలి, అహింస మీద పూర్తి నమ్మకం ఉండాలి. ఈ షరతులు తీరాయని రాష్ట్ర కాంగ్రెసు కమిటీ నిర్ధారించుకోవాలి. గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోని పెదనందిపాడు ఫిర్కా ఆ గడప దాటడానికి నిజంగానే సిద్ధపడింది. పర్వతనేని వీరయ్య చౌదరి అక్కడ శాంతిసేన కట్టాడు. మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చారు. ఆ ఉద్యోగాలు వంశపారంపర్యం, వదిలితే మళ్లీ వస్తాయన్న హామీ లేదు. 1922 జనవరిలో కట్టవలసిన కిస్తు కట్టలేదు. సర్కారు జప్తులు మొదలుపెట్టింది, సైన్యాన్ని ఊళ్ల మీదుగా నడిపించింది, రూథర్‌ఫర్డ్‌ను కలెక్టరుగా తెచ్చింది. జప్తు చేసిన సామాను వేలం వేస్తే పాడేవాడు లేడు.

అయినా గాంధీకి నమ్మకం కుదరలేదు. షరతులు పూర్తిగా తీరకపోతే శిస్తు కట్టేయమని జనవరిలోనే ఆంధ్ర కాంగ్రెసు నాయకుడు కొండా వెంకటప్పయ్యకు రాశాడు. కాదని గట్టిగా అనలేదు, ఔననీ అనలేదు. నిర్ణయం ఆంధ్ర నాయకులదే అని వదిలాడు. దాంతో వెంకటప్పయ్య ఇరకాటంలో పడ్డాడు. జనం ముందుకు ఉరుకుతున్నారు, అధినేత వెనక్కి లాగుతున్నాడు, మధ్యలో షరతులు కొలిచి చెప్పాల్సింది తను. ఒక తాలూకాలో ఎంతమంది ఖద్దరు కట్టారో లెక్క తేల్చవచ్చు. అంటరానితనం పోయిందా అంటే ఏ కమిటీ తేల్చగలదు? ఆ షరతులను అక్షరాలా పట్టుకుంటే దేశంలో ఏ ఫిర్కా కూడా ఎప్పటికీ అర్హం కాదు. పెదనందిపాడు పక్షాన ఈ వాదం బలమైనదే.

గాంధీ తన సొంత ప్రయోగానికి గుజరాతులోని బార్డోలీ తాలూకాను ఎంచుకున్నాడు. ఫిబ్రవరి 1న వైస్రాయికి ఏడు రోజుల గడువు ఇస్తూ లేఖ రాశాడు. నాలుగో తేదీన గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో జనం ఠాణా తగలబెట్టి 22 మంది పోలీసులను చంపారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో బార్డోలీలో కూడిన కాంగ్రెసు కార్యవర్గం చట్టధిక్కారం మొత్తాన్ని నిలిపేసింది. రైతులు శిస్తు, ఇతర పన్నులు కట్టేయాలని తీర్మానంలో స్పష్టంగా రాశారు. గాంధీ అయిదు రోజులు ఉపవాసం ఉన్నాడు. జైల్లో ఉన్న మోతీలాల్ నెహ్రూ, లాజపతిరాయ్ లాంటివాళ్లు ఈ నిర్ణయం మీద మండిపడ్డారు. ఎక్కడో ఒక మూల జరిగినదానికి దేశమంతా ఎందుకు ఆగాలన్నది వాళ్ల ప్రశ్న. హింస ఒకసారి మొదలైతే ఉద్యమం ఎవరి చేతిలోనూ ఉండదు, దాన్ని అణచడానికి సర్కారుకు సాకు దొరుకుతుంది అన్నది గాంధీ సమాధానం. రెండింటిలోనూ సత్యం ఉంది. గాంధీ చౌరీచౌరాను ఒక్క సంఘటనగా చూడలేదు, బొంబాయిలో, మద్రాసులో అంతకు ముందే జరిగిన అల్లర్ల వరుసలో చూశాడు. ఆ వరుస చూసినవాడికి ఆపడం తొందరపాటు అనిపించదు. ఎటొచ్చీ, ఆపిన తరువాత ఏ ఊరి మీద ఎంత భారం పడుతుందో ఆ తీర్మానం లెక్క వేయలేదు.

పెదనందిపాడు ఆగింది. ఆపమన్న మాటను మోసుకెళ్లడానికి అక్కడ శాంతిసేన ఉంది, వినడానికి నాయకుడున్నాడు. ఆగడమంటే ఏమిటో కూడా తెలుసు: బకాయి కట్టడం. అవమానమే, కష్టమే, కానీ ఒకసారి కడితే ఆ ఏటికి అయిపోతుంది. పల్నాడులో ఆగడమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. పుల్లరి ఏడాదికోసారి తీరిపోయే కిస్తు కాదు. గొడ్డుకు ప్రతి పొద్దూ మేత కావాలి, ఫిబ్రవరి దాటితే బీళ్లలో గడ్డి ఎండిపోతుంది, తొలకరి దాకా అడవే దిక్కు. చీటీ కొనకుండా అడవికి తోలితే నేరం, తోలకపోతే గొడ్లు చస్తాయి. ఉద్యమం నిలిపేశామన్న మాట ఈ రెంటికీ మధ్య మూడో దారి చూపలేదు. పైగా పల్నాడు పోరు ఏ కమిటీ తీర్మానంతో మొదలైంది కాదు కాబట్టి దాన్ని తీర్మానంతో ముగించే అధికారం కూడా ఎవరికీ లేదు. కాంగ్రెసు దాన్ని తనదిగా చెప్పుకుంది గానీ కళ్లెం ఎన్నడూ దాని చేతిలో లేదు.

బార్డోలీ తీర్మానం వచ్చి పది రోజులు దాటాక, ఫిబ్రవరి నాలుగో వారంలో, పోలీసు బలగంతో అటవీ సిబ్బంది దుర్గి ప్రాంతంలోని మించాలపాడుకు వచ్చారు. పుల్లరి కట్టని ఊరి పశువులను తోలుకుపోవడానికి పూనుకున్నారు. జనం అడ్డుపడ్డారు, పోలీసులు కాల్పులు జరిపారు. హనుమంతు, మరో ఇద్దరు చనిపోయారు. జనం మొదట దాడి చేశారని సర్కారు కథనం. కావాలనే హనుమంతును గురిచూసి కాల్చారని ఊరి కథనం. తరువాత వందేళ్లలో ఆ రోజు చుట్టూ పాటలు, కథలు, నాటకాలు అల్లుకున్నాయి. తూటాల సంఖ్య ఒక్కో కథలో ఒక్కోలా ఉంటుంది. పల్నాటి వీరుల వరుసలో హనుమంతును చేర్చే అలవాటు కూడా అప్పటి నుంచీ ఉంది. ఆ పోలికలో గౌరవం ఉంది గానీ ఒక నష్టమూ ఉంది. వీరగాథలో పంతం సొంతానికే గొప్పది. మించాలపాడులో పంతం వెనుక కొట్టం నిండా మేత లేని పశువులున్నాయి.

తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఇబ్బందికరమైన విషయం బయటపడుతుంది. కాంగ్రెసు లెక్కల్లో సహాయ నిరాకరణ చట్టధిక్కార ఘట్టం ఫిబ్రవరి 12తో ముగుస్తుంది. పల్నాడు పోరుకు ప్రతీకగా మిగిలిన మరణం ఆ తరువాత జరిగింది. అంటే ఆ మరణం ఉద్యమం లోపలిదా, బయటిదా? పార్టీ చరిత్రలు చాలావరకు ఈ ప్రశ్న వేయకుండానే హనుమంతును అమరుల జాబితాలో చేర్చుకున్నాయి. చేర్చుకోవడం తప్పు కాదు. ఆపమన్న తరువాత ఆగని ఊరిని గురించి ఆ పార్టీ అప్పుడేమనుకుందో మాత్రం దాటేశాయి. ఫిబ్రవరి 24, 25 తేదీల్లో ఢిల్లీలో కూడిన అఖిల భారత కమిటీ బార్డోలీ తీర్మానాన్ని కొద్ది మార్పులతో ఖాయం చేసింది. మార్చి 10న గాంధీని అరెస్టు చేశారు, 18న ఆరేళ్ల శిక్ష వేశారు.

అక్కడి నుంచి ఆంధ్రలో దారులు చీలాయి. అదే ఏడు ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో అల్లూరి సీతారామరాజు విశాఖ, గోదావరి మన్యంలో సాయుధ పోరాటం మొదలుపెట్టాడు. అక్కడి ఫిర్యాదుల్లో కూడా అటవీ చట్టాలే పెద్దవి. సీతారామరాజు అంతకు ముందు సహాయ నిరాకరణ బాటలో మద్య నిషేధం, పంచాయతీ కోర్టులు నడిపినవాడే. ఆ దారి మూసుకుపోయిందని తేల్చుకుని ఇంకో దారి పట్టాడు. ఆ తిరుగుబాటును అణచే బాధ్యతతో 1924లో మన్యానికి వెళ్లిన స్పెషల్ కమిషనరు కూడా గుంటూరు కలెక్టరుగా వచ్చిన రూథర్‌ఫర్డే.

కాంగ్రెసు లోపల చీలిక ఇంకో రూపంలో వచ్చింది. బహిష్కరించిన శాసనసభల్లోకి వెళ్లి లోపలి నుంచి ప్రభుత్వాన్ని అడ్డుకోవాలని చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ అన్నారు. గాంధీ పెట్టిన పంథా మార్చరాదని రాజగోపాలాచారి వర్గం పట్టుబట్టింది. మార్పు కోరేవారు, మార్పు వద్దనేవారు అన్న పేర్లు అప్పుడే పుట్టాయి. 1922 డిసెంబరు గయ సమావేశంలో మార్పు వద్దనేవారు గెలిచారు. దాస్ అధ్యక్షుడై ఉండీ ఓడిపోయి, ఆ వెంటనే స్వరాజ్య పార్టీ పెట్టాడు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు నాటికి రాజీ కుదిరి, శాసనసభలకు పోదలచినవారిని పోనిచ్చారు. ఇంత వాదనా శాసనసభ చుట్టూ తిరిగింది. గొడ్డు మేత దాని అజెండాలోకి రాలేదు. మారాలా వద్దా అని రెండేళ్లు తర్కించుకోగలిగిన నాయకులకూ, సాయంత్రానికి గొడ్డును ఎక్కడ కట్టాలో తేల్చుకోవలసిన రైతుకూ ఉన్న తేడా అదే.

పల్నాడులో పుల్లరి మళ్లీ వసూలైంది. ఊరి అడవులను పంచాయతీలకు అప్పగించే పాత సలహా ప్రకారం మద్రాసు ప్రభుత్వం కొన్నిచోట్ల మేత అడవులను వాటి నిర్వహణకు వదిలింది, రిజర్వు హద్దులు మాత్రం కదలలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు చట్టధిక్కారానికి ఎంచుకున్నది ఉప్పును. ఉప్పు చట్టాన్ని ఎవరైనా ఉల్లంఘించవచ్చు, ఉల్లంఘించినందువల్ల ఏ కొట్టమూ ఖాళీ కాదు, ఆపినా ఎవరి బతుకూ ఆగదు. 1922 అనుభవం ఆ ఎంపిక వెనుక ఉందనుకోవడానికి వీలుంది. చౌరీచౌరా లాంటిదేదైనా జరిగినా ఈసారి వెనక్కి తగ్గేది లేదని గాంధీ ముందే మనసు గట్టి చేసుకున్నాడు. షోలాపూర్‌లో, పెషావర్‌లో ఘర్షణలు జరిగినా ఉద్యమం నిలిపేయలేదు.

పశువుకూ అడవికీ ఉన్న ముడిని పల్నాడులో వదులు చేసింది వేరే ప్రణాళిక. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. కుడికాలువ కింద వరి, ప్రత్తి, మిర్చి పెరిగాయి, గడ్డివాములు వచ్చాయి, బీళ్లు దున్నకం కిందికి వచ్చాయి, అరక ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. నల్లమల వైపు అడవిలో పెద్ద భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో చేరింది, అక్కడ మేపడానికి ఆంక్షలు ఇప్పుడూ ఉన్నాయి. కాలువ అందని మెట్ట ఊళ్లలో గొర్రెల కాపరులకూ, మందలున్న రైతులకూ అటవీ సిబ్బందితో పేచీ పూర్తిగా తీరలేదు. హనుమంతు చనిపోయిన వందేళ్లకు, 2022 ఏప్రిల్ 4న, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది.